ముందు ఆయన ముట్టుకున్న మైకు

మా వీధి చివర మైకుసెట్టు అద్దెకిచ్చే బాబాయిగారు నిద్రలోనే పోయారని బుధవారం పొద్దున్న ఫోనొచ్చింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వేసింది. శనివారం సాయంత్రం మలికిపురంలో నా హరికథ ఉంది. ఇక మైకుని నాకంటే ముందు ఎవరు ముట్టుకుంటారు?

ఈ భయం పాతది. కథ మొదలెట్టేముందు మైకుకి తడిపసుపు రాసి బొట్టు పెట్టడం అప్పట్లో నా అలవాటు. సఖినేటిపల్లిలో ఓ వానాకాలం, ఎర్తింగు సరిగా లేని ఎవరిదో సెట్టు, తడిచేతులు, కాళ్లకింద తడి నేల. మొదటి పద్యానికే పెదవి మైకు ఇనపజాలీకి తగిలింది. ఎవరో లాగి చెంపమీద కొట్టినట్టయింది. ఆ తర్వాత ఆర్నెల్లు మైకుని చూస్తే గొంతు పెగిలేది కాదు. కథలు మానేద్దామనుకున్నాను.

ఆ సంగతి తెలిసి బాబాయిగారు ఇంటికొచ్చారు. "అది దేవుడు కాదు అమ్మాయిగారూ, కరెంటు. బొట్టు పెడితే ఊరుకుంటుందాండీ?" అని కోప్పడి, నాకంటూ ఓ మైకు కొనిపించడానికి అమలాపురం తీసుకెళ్లారు. నేను సన్నగా మెరిసేది ఒకటి చూపించాను.

"అది కండెన్సరండీ. గొంతుతోపాటు మీ చిరతలు, గజ్జెలు, వెనకాల జనరేటరు, అన్నీ లాగేస్తుంది. మన ఉప్పుగాలికి ఆగదు కూడాను. మీకు దగ్గరి గొంతునే పట్టే డైనమిక్ కావాలి."

బరువైనది ఒకటి ఎంచి, కొన్నాక దాన్ని నడుమెత్తు నుంచి గచ్చు మీద వదిలేశారు. కొట్టాయన "అయ్యబాబోయ్" అన్నాడు. జాలీకి సొట్ట పడింది. తీసి మాట్లాడితే మాత్రం ఖంగుమంది. "ఎప్పటికైనా పడేదే కదండీ. ఇక్కడే పడిపోతే మీకు దిగులుండదు" అన్నారు.

అప్పటినుంచి ప్రతి కథకీ ఆయన చెప్పులు విప్పి, నేలమీద చెంబెడు నీళ్లు పోసుకుని నిలబడి, కళ్లు మూసుకుని, ముందు తన పెదవులు జాలీకి ఆనించేవారు. తర్వాతే నాకు ఇచ్చేవారు. నోరెప్పుడూ చుట్ట వాసనే. "హరికథ చెప్పే మైకుకి ఈ కంపేమిటి బాబాయిగారూ" అని విసుక్కునేదాన్ని. "ఆయ్" అనేవారు. మర్నాడు జాలీ విప్పి, సబ్బునీళ్లలో కడిగి, ఆరబెట్టి తెచ్చేవారు.

కళ్లు మూసుకునేది దేవుణ్ణి తలుచుకోడానికనుకున్నాను. ఓసారి అడిగితే నవ్వేశారు. "దేవుడెక్కడండీ, భయం! ప్రతిసారీ వేస్తుందండీ."

అన్నేళ్లూ ఆయనా నాలాగే భయపడ్డారు. అది తెలిశాక కూడా నేను వద్దనలేదు. ఇప్పుడు తలుచుకుంటే నామీద నాకే అసహ్యంగా ఉంది.

శనివారం వెళ్లాను. సెట్టు వేరేవాళ్లది, మైకు నాదే. "టెస్ట్ చేసేమండీ, ఏం పర్లేదు" అన్నాడు సెట్టతను. హార్మోనియం శ్రుతి ఇచ్చింది. జనం చూస్తున్నారు. అలవాటుగా పక్కకి తిరిగాను, చెప్పులు విప్పి నిలబడ్డ మనిషి కోసం. ఎవరూ లేరు. కళ్లు మూసుకుని సొట్ట ఉన్నచోట పెదవులు ఆనించాను.

షాకు కొట్టలేదు. అన్నిసార్లు కడిగినా లోపలి స్పాంజిని వదలలేదు కాబోలు, చుట్ట వాసన వచ్చింది.