ఆడవాళ్ళ చాపలకు అందని మైకు

మా నాంపల్లి చర్చికి మైకు సెట్టు కొన్న సంగతి ఎవరైనా గొప్పగా చెప్పుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏ సెట్టు కొనాలో మొదటి రోజే చెప్పినదాన్ని నేను. నా మాట వినడానికి వాళ్ళకు ఏడాది పట్టింది.

మేము గుంటూరు వైపు నుంచి వచ్చి హైదరాబాదులో స్థిరపడ్డవాళ్ళం. ఆబిడ్స్‌లోని ఒక బడిలో నేను టీచర్ని. మా అమ్మకు అప్పటికే చెవులు మందగించాయి. చర్చిలో కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు చాపల మీద కూర్చునేవాళ్ళం. ముందు చాపలు పిల్లలవి, వెనక చాపలు ముసలమ్మలవి. పాస్టరు అయ్యగారి ప్రసంగం అక్కడికి చేరేసరికి గొణుగుడే మిగిలేది. అయినా అమ్మ ఒక్క ఆదివారం కూడా మానలేదు. తిరిగి వచ్చే దారిలో రిక్షాలో నన్ను అడిగేది, "ఇవాళ అయ్యగారు ఏం చెప్పారే?" అని. నేను గట్టిగా అరిచి చెబుతుంటే రోడ్డు మీద పోయేవాళ్ళు తిరిగి చూసేవారు.

మైకు సెట్టు కొందామన్న మాట వచ్చినప్పుడు సంఘ పెద్ద నన్ను కూడా దుకాణానికి రమ్మన్నాడు. బళ్ళో ప్రార్థనకూ, ఆటల పోటీలకూ మైకు సెట్టు నడిపేది నేనే కాబట్టి పిలిచాడు, అంతేగాని గౌరవంతో కాదు. ఆబిడ్స్‌లో ఆ దుకాణంలోకి ముగ్గురు మగవాళ్ళూ నేనూ వెళ్ళాం. సంఘ పెద్ద కూర్చోగానే "మూడు చాయ్ తెప్పియ్యి భాయ్" అన్నాడు. మేము నలుగురం. ఆ లెక్క నేను మరచిపోలేదు.

మా దగ్గరున్న డబ్బుకు రెండే వచ్చేవి. ఒకటి నాలుగు మైకులు కలిపే చిన్న మిక్సర్, దానితో మామూలు ఆంప్లిఫయరు, గోడకు తగిలించే రెండు పొడుగాటి స్పీకరు పెట్టెలు. రెండోది సభలకు వాడే పెద్ద ఆంప్లిఫయరు, రెండు మైకులు, రెండు ఇనప గొట్టాల స్పీకర్లు. మిక్సరే మనకు పనికొస్తుందని నేనన్నాను. ఒక మైకు అయ్యగారికి, ఒకటి హార్మోనియానికి, ఒకటి మగవాళ్ళ పాటకు, ఒకటి ఆడవాళ్ళ పాటకు. ఒక్కోదానికి ఒక్కో మీట, ఎవరి గొంతు ఎంత కావాలంటే అంత. స్పీకరు పెట్టెల్లో ఒకటి ఆడవాళ్ళ వైపు గోడకు.

సంఘ పెద్ద నవ్వాడు. "ఆడోళ్ళకు మైకెందుకు టీచరమ్మా? మీ గొంతులు నాంపల్లి స్టేషన్ దాకా ఇనబడ్తయి గద!"

మిగతా ఇద్దరూ నవ్వారు. దుకాణదారు కూడా నవ్వాడు, అమ్మేవాడు కాబట్టి.

నేను పట్టుబట్టగా మిక్సరును శనివారం సాయంత్రం చర్చిలో పెట్టి చూద్దామన్నారు. చర్చి ఖాళీగా ఉంది. చాపలు కూడా పరచలేదు. ఒక మాట అంటే గోడలు పదిసార్లు తిరిగి అనే సమయం. సంఘ పెద్ద మైకును నోటికి ఆనించుకుని, మైకులు లేని కాలంలో వీధి చివరి దాకా వినిపించిన గొంతుతో కీర్తన చదివాడు. సెట్టు కీచుమని కూసింది.

"కొంచెం దూరంగా పట్టుకుని, మెల్లగా చదవండి" అన్నాను.

"వాక్యం మెల్లగ చదువుతరా? ఏం మాటమ్మ గది? నా గొంతుకే ఆగని సెట్టు పండుగ నాడు ఏం ఆగుతది?"

"జనం కూర్చుంటే ఇలా మోగదండీ. రేపు ఆరాధనలో పెట్టి చూడండి."

"రేపు గిట్ల కూస్తే ఎవరి పరువు పోతది? నీదా, నాదా?"

అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఉండిపోయారు. ఆ తుడవడం కూడా నాకు గుర్తుంది. పెద్ద ఆంప్లిఫయరు కొన్నారు.

ఇక గొట్టాలు. లోపల పెడితే కూస్తాయని ఒకదాన్ని గేటు మీద స్టేషన్ రోడ్డు వైపు, ఇంకోదాన్ని పక్క సందు వైపు కట్టారు. సువార్త వీధికి వినబడాలట. వినబడింది. రిక్షావాళ్ళు విన్నారు, చాయ్ దుకాణంవాళ్ళు విన్నారు. వెనక చాప మీద కూర్చున్న మా అమ్మ వినలేదు. చెప్పాను. మళ్ళీ చెప్పాను. "చూద్దాం టీచరమ్మా, ఏం ఫికర్ జెయ్యకు" అని ఏడాది గడిపారు.

ఒక ఆదివారం పాట అయిపోగానే చాప చుట్టి చంకలో పెట్టుకుని, అమ్మ చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి నడిచాను. గొట్టం కింద చాప పరిచి కూర్చోబెట్టాను. ముసలమ్మలు ఒక్కొక్కరే లేచి వచ్చారు. తరువాతి వారానికి పిల్లల తల్లులు వచ్చారు. ఆ తరువాత ఎడమవైపంతా ఖాళీ. కానుకల సంచి పట్టుకున్నాయన ఖాళీ నేల మీద నిలబడి దిక్కులు చూశాడట.

సంఘ పెద్ద బయటికి వచ్చాడు. "ఏంది టీచరమ్మా, గిట్ల రోడ్డు మీద కూసున్నరు? చూసెటోళ్ళు ఏమనుకుంటరు?"

"వాక్యం ఇక్కడే వినబడుతోందండీ."

"లోపలికి రాండ్రి, జర ఇజ్జత్ ఉంచుండ్రి!"

"మీ గొట్టాన్ని లోపలికి రమ్మనండి, వెనకే మేమూ వస్తాం" అంది మా అమ్మ. సంఘ పెద్ద అరుపు ఆమెకు బాగానే వినబడింది.

ఎండలు ముదిరినా మేము కదల్లేదు. చివరికి ఆ పెద్ద సెట్టును దుకాణానికి తిరిగిచ్చి, మిక్సరు తీసుకోవడానికి ఒప్పుకున్నారు. దుకాణదారు వాడిన సామానని కొంత కోసుకున్నాడు. ఆ కోతను పూడ్చడానికి చర్చిలో జరిగే కోతపండుగ వేలంలో పచ్చళ్ళూ కేకులూ పెట్టింది మళ్ళీ ఆడవాళ్ళమే. ఆబిడ్స్‌లో సంఘ పెద్ద ఈసారి నాకు కూడా చాయ్ తెప్పించాడు. నేను ముట్టుకోలేదు. మీగడ కట్టిపోయింది.

మిక్సరు పెట్టిన ఆదివారం చర్చి నిండా జనం. సెట్టు ఒక్కసారి కూడా కూయలేదు. మా పాటకు ముందు సంఘ పెద్ద మా వైపు వచ్చి, అందరూ చూస్తుండగా మైకు నా నోటికి దూరం జరిపి చెప్పాడు: "టీచరమ్మా, మైకు గంత దగ్గర పెట్టుకోవద్దు. జర దూరముంటేనే మంచిగొస్తది. గీ సంగతి తెల్వాలె."

జవాబు నాకు నోటిదాకా వచ్చింది. పాట కాగానే అందామనుకున్నాను. పాట అయి చాప మీదికి వచ్చి అమ్మ పక్కన కూర్చుని, "విన్నావా, ఆయనేమన్నాడో..." అని మొదలుపెట్టాను. అప్పటికే అయ్యగారు ప్రసంగం అందుకున్నారు. అమ్మ నా వైపు చూడనైనా చూడకుండా నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"ఉండవే. వినబడుతోంది."

సంఘ పెద్దకు చెప్పాల్సిన ఆ జవాబు ఇంకా నా దగ్గరే ఉంది.