కాలువకు నీళ్ళొచ్చే లోపు

కోటాచారి తాటినార తీసుకుని పిల్ల చీలమండ చుట్టూ తిప్పాడు. నార ఒంటికి తగిలీ తగలగానే పిల్ల కాలు విదిలించింది. మువ్వలు ఘల్లుమన్నాయి. మళ్ళీ తిప్పాడు, మళ్ళీ విదిలించింది. ఈసారి అతను ఎద్దుకు నాడాలు కొట్టేటప్పుడు గిట్ట పట్టుకున్నట్టు పాదాన్ని అరచేత్తో గట్టిగా అదిమి పట్టాడు. పిల్ల ఊరుకుంది. కొలత తీసుకుని, నారకు ముడి వేసి, చెవిమీద దోపుకున్నాడు.

తండ్రి పోయిన దగ్గర నుంచి ఊళ్ళో కొలిమి కోటాచారిదే. కొడవళ్ళు, నాగటి కర్రులు, బండి చక్రాల పట్టాలు, పశువుల గొలుసులు అన్నీ అతని చేతి మీదే పోయేవి. ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. పని బాగా లేకపోతే అతనే మళ్ళీ కొలిమిలో పెట్టేవాడు, ఇంకొకరు చెప్పక్కర్లేదు. కానీ ఇన్నేళ్ళలో మనిషి కాలికి ఇనుము కొలవడం ఇదే మొదలు.

"వదులుగా చెయ్యండి ఆచారిగారూ. ఒరుసుకోకూడదు" అన్నాడు బాలశౌరి. బందరు కాలువ లాకుల దగ్గర లస్కరు అతను. తలుపులు ఎత్తడం, దించడం అతని పని. లాకుల గట్టునే సర్కారు వారి రెండు గదుల ఇల్లు, చుట్టూ వెదురుకంచె. ఇంట్లో భార్య తెరేసమ్మ, ఈ కూతురు మార్త.

మార్తకు ఎనిమిదేళ్ళు నిండాయి. మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూడదు. నత్తగుల్లలు ఏరి గోడవారగా వరసలో పేరుస్తుంది, వరస చెదిరితే గుండెలు బాదుకుంటుంది. బెజవాడ గవర్నర్‌పేటలో డాక్టరుకు చూపిస్తే చెవుడు లేదన్నాడు, బలానికి మందు రాసిచ్చాడు, ఆగి చూడమన్నాడు. తెరేసమ్మ ఆగలేక గుణదల మాత కొండకు వెళ్ళి మొక్కుకుంది. పిల్ల నోట అమ్మా అన్న మాట వచ్చేదాకా కాలికి కట్టిన మువ్వలు విప్పనని మొక్కు. తిరునాళ్ళలో కొన్న ఇత్తడి మువ్వలను తనే పేని, రెండు కాళ్ళకూ కట్టింది.

ఆ మువ్వలు కట్టిన తర్వాతే పిల్ల కాలువ దారి పట్టింది.

ఎండాకాలం కాలువ కట్టేసినా లాకుల కింద ఒక మడుగు మిగిలి ఉంటుంది. పిల్ల సందు దొరికితే అందులోకి దిగి మోకాళ్ళ లోతున కదలకుండా నిలబడేది. బయటికి లాగితే ఊరంతా వినిపించేలా అరిచేది. వెళ్ళింది తెలియడానికని తెరేసమ్మ ఇంకొన్ని మువ్వలు కట్టింది. పిల్ల ఇంకా ఎక్కువసార్లు వెళ్ళింది. ఆమె ఇంకొన్ని కట్టింది. ఇప్పుడు రెండు కాళ్ళకూ మడమ నుంచి పిక్క దాకా మువ్వలే.

"బెజవాడలో రేపు కాలువలకి వదులుతున్నారంట. ఓవర్సీరుగారు కబురెట్టారు" అన్నాడు బాలశౌరి. "ఎల్లుండికి మన లాకులకొచ్చేస్తాయి. తలుపెత్తేది నేనే కదండీ. నేను తలుపెత్తే టయానికి ఇది కిందుంటే?"

కోటాచారి ఇనపకడ్డీ తీసి కొలిమిలో పెట్టాడు.

మర్నాటికి కడియం తయారైంది. గొలుసు కూడా సగం అయింది. లంకె మీద లంకె వేస్తుంటే నాగటి కర్రు సాగగొట్టించుకోవడానికి రత్తయ్య వచ్చాడు. కాలువ కింద ఆయకట్టు రైతు. మృగశిర వస్తోందంటే కొలిమి దగ్గర ఇలాంటివాళ్ళు క్యూ కడతారు.

"ఏంటిది, దూడకా?"

"కాదు."

"లస్కరు పిల్లకా?" రత్తయ్య గొంతు తగ్గించాడు. "మంచి పని. అదుందే, ఎప్పుడో ఆ మడుగులో పడి పోయినామె, దెయ్యమై అక్కడే తిరుగుతోంది. దానికి తోడు కావాలి. దీన్ని పిలుస్తోంది. కాలువ నిండిందా, ఇక తీసుకుపోవడమే. మా ఇంటావిడ ముందే అంది."

"మీ ఇంటావిడకి ఆమె చెప్పిందా?"

"నీకెందుకయ్యా ఎకసెక్కం. గొలుసైనా గట్టిగా చెయ్యి."

గొలుసు గట్టిగానే అవుతోంది. అదే కోటాచారికి ఎక్కడో తొలుస్తోంది. అతని చేతిలో ఏదైనా గట్టిగానే వస్తుంది. ఈ గొలుసు తెగదు. లాకులు దాటి నీళ్ళు గట్టెక్కినా, ఇంటికి నిప్పంటుకున్నా, కాలు ఎంత లాగినా తెగదు. దూలానికి అతని తండ్రి నాటి కడియం ఒకటి వేలాడుతూ ఉండేది. పక్క ఊళ్ళో మతి తప్పిన మనిషికి చేసింది. అతను పోయాక ఇంటివాళ్ళు తిరిగి తెచ్చిచ్చారు. తండ్రి దాన్ని కరిగించలేదు, ఎవరికీ ఇవ్వలేదు. ఎందుకని అడిగితే, ఉండనీ అనేవాడు. ఆ పొద్దంతా కోటాచారి తల ఎత్తకుండా పనిచేశాడు.

ఆ తెల్లారి బాలశౌరి, తెరేసమ్మ పిల్లను తీసుకుని వచ్చారు. ఆకాశం మబ్బేసి ఉంది. గాలి లేదు. కర్రు తీసుకోవడానికి వచ్చిన రత్తయ్య కూడా గడప దగ్గర కూర్చున్నాడు. నీళ్ళు ఉయ్యూరు దాటాయని ఎవరో సైకిలు మీద వెళ్తూ చెప్పారు.

"సాయంత్రానికల్లా వచ్చేస్తాయి" అన్నాడు బాలశౌరి. "తొందరగా తగిలించెయ్యండి."

కోటాచారి ఆఖరి లంకె మూయడానికి సుత్తి ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. మార్త తల్లి చెయ్యి విదిలించుకుని, మువ్వలు మోగుతుండగా పరుగెత్తింది. వాకిట్లోకి కాదు. కొలిమి పక్కన, కాలిన ఇనుము ముంచే నీళ్ళ తొట్టిలోకి. బట్టలు తడిసిపోతున్నా లెక్కచేయకుండా రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా నీళ్ళలో పెట్టి నిలబడింది. ముఖం తేటపడింది.

"చూశారా? నీళ్ళు కనపడితే చాలు" అంది తెరేసమ్మ. ఆమె కళ్ళు నిండాయి. "దీని బదులు నన్నైనా తీసుకుపోదు ఆ పోయినామె."

కోటాచారి సుత్తి దించాడు. తొట్టిలో పిల్ల కాళ్ళు ఆడిస్తోంది. కొలిమిలో బొగ్గు చిటపటమంటోంది తప్ప ఇంకే చప్పుడూ లేదు.

"తెరేసమ్మా, అది కాళ్ళాడిస్తోంది" అన్నాడు.

"ఆడిస్తది. దానికి సరదా."

"మువ్వలు మోగట్లేదు."

తెరేసమ్మ చూసింది. నీళ్ళలోంచి ఒక మువ్వ కూడా పలకడం లేదు. పిల్ల ఒక కాలు పైకి తీసింది. ఘల్లుమంది. ఆ చప్పుడు పడనట్టు వెంటనే మొహం చిట్లించి కాలు మళ్ళీ ముంచింది.

"ముందు మడుగులోకి వెళ్ళేది కాదు కదూ?" అన్నాడు బాలశౌరి మెల్లగా.

"మువ్వలు కట్టినాకే." తెరేసమ్మ గోడకు చేరగిలబడింది. "అది వెళ్ళినప్పుడల్లా నేను ఇంకొన్ని కట్టాను. అయ్యో తల్లీ, నేనే కట్టాను."

రత్తయ్య తలపాగా సర్దుకున్నాడు.

"అయితే విప్పెయ్యండి ఆచారిగారూ, పీడా పోతుంది" అన్నాడు బాలశౌరి.

"మొక్కు." తెరేసమ్మ గొంతు గట్టిపడింది. "మాతకు మాటిచ్చాను. విప్పితే ఇదెప్పుడు మాట్లాడుద్ది? మువ్వ మీద చెయ్యి వెయ్యనివ్వను."

ఆ మాట దాటి వెళ్ళే దారి లేదని ముగ్గురికీ తెలుసు. మొగుడు కూడా తగ్గాడు. బయట మబ్బు ఇంకాస్త కిందికి దిగింది. కోటాచారి తొట్టి వైపు చూసి, మనసులో ఏదో కొలుచుకుని అడిగాడు.

"మొక్కింది ఏమనమ్మా? విప్పననా, మోగిస్తాననా?"

"విప్పననే."

"మువ్వలు కాళ్ళకే ఉంటాయి. ఒక్క ముడీ తియ్యను. లోపలి గుండు తీసేస్తే?"

ఆమె పెదవులు కదిలాయి. జపం చెప్పుకుంది. చివరికి "కాళ్ళకుంటే చాలు" అంది.

కోటాచారి కొలిమి తిత్తి ఆపాడు. సుత్తులు పక్కన పెట్టాడు. పాత తడిగుడ్డ చింపి, నీళ్ళలో ఉండగానే మువ్వల చుట్టూ బిగించి చుట్టాడు. అప్పుడు పిల్లను తొట్టి అంచున కూర్చోబెట్టి, పాదాన్ని బయటికి తీసి తన మోకాలి మీద పెట్టుకుని, అరచేత్తో గట్టిగా అదిమి పట్టాడు. పిల్ల కదల్లేదు. గుడ్డ జరుపుకుంటూ, ఒక్కొక్క మువ్వ నోరు సన్నని ఉలితో వెడల్పు చేసి, లోపలి ఇనపగుండును పట్టకారుతో లాగి, నోరు మళ్ళీ మూశాడు. ఇత్తడి పగలకుండా చెయ్యడం తేలిక కాదు. చెమట కళ్ళలోకి కారుతున్నా ఎడమచెయ్యి సడలనివ్వలేదు.

తీసిన గుండును పిల్ల అరచేతిలో పెట్టాడు. పిల్ల దాన్ని తన తొడ మీద పెట్టుకుంది. తర్వాతది దాని పక్కన పెట్టింది. వరస పెరుగుతోంది.

"ఎద్దుకి నాడాలు కొట్టినట్టే పడుతున్నావేం" అన్నాడు రత్తయ్య.

"నీ ఎద్దైతే ఈపాటికి తన్నేది."

బాలశౌరి నవ్వబోయి ఆగాడు. ఆఖరి మువ్వ నోరు మూసేసరికి పొద్దు వాలింది. బాలశౌరి కాలువ వైపు చెవి పెట్టాడు. ఎక్కడో దూరంగా గాలి లాంటి శబ్దం. గాలి కాదు.

"వచ్చేస్తున్నాయి. నేను పోవాలి. ఇప్పుడు మువ్వలు కూడా పలకవు. వెళ్ళింది మాకెలా తెలుస్తుందండీ? గొలుసు ఇవ్వండి."

అతను చెయ్యి చాచాడు. కోటాచారి గొలుసు వైపు, కడియం వైపు చూశాడు. కడియం తీసి ఎర్రగా కాల్చి, దిమ్మె మీద పెట్టబోతూ తెరేసమ్మతో పిల్లను బయటికి తీసుకెళ్ళమన్నాడు. వాళ్ళు చింతచెట్టు దాటాక కొట్టడం మొదలుపెట్టాడు. వంకర సాగింది. అది కడ్డీ అయింది. కడ్డీ గడియ అయింది. దానికి అడ్డంగా చీల ఒకటి కావాలి, ఒక చేత్తో చీల ఎత్తి, రెండో చేత్తో గడియ జరిపితే తప్ప తెరుచుకోకూడదు. పిల్ల వేళ్ళు చురుకైనవి, కాబట్టి చీల వాటికి అందనంత ఎత్తున ఉండాలి.

"గొలుసో?" అన్నాడు రత్తయ్య.

"కంచెకు."

రత్తయ్య గడప మీద నుంచి లేచాడు. "నిన్న నేనన్నది ఆ పిల్ల ముందర ఎవరూ అనకండి" అన్నాడు నేల చూస్తూ. "గట్టు మీద నా పాలేళ్ళుంటారు. పిల్ల కనపడితే మళ్ళిస్తారు."

లాకుల దగ్గర ఇంటికి నడిచి వెళ్ళేటప్పటికి నీళ్ళు లాకుల తలుపుల దాకా వచ్చేశాయి. ఎండిన కాలువలో ఎర్రటి నీళ్ళు ముళ్ళకంపలను, చెత్తను ఎత్తుకుంటూ గట్టు అంచులు తాకుతున్నాయి. హోరు మెల్లమెల్లగా పెరుగుతోంది. బాలశౌరి తలుపు ఎత్తడానికి చక్రం దగ్గరికి పరుగెత్తాడు. కోటాచారి గొలుసును వెదురుకంచె చుట్టూ తిప్పి బిగించి, కంచె తలుపుకు గడియ కొట్టాడు. పిల్ల అక్కడే, గోడవారగా కూర్చుంది. చప్పుడు వైపు తల తిప్పింది. లేచి రెండడుగులు వేసింది. మువ్వలు పలకలేదు.

కోటాచారి గడియ మీద చెయ్యి ఉంచి అలాగే ఆగాడు.

పిల్ల నీళ్ళను చూసింది. రెండు చేతులతో చెవులు మూసుకుని వెనక్కి వచ్చి, మళ్ళీ కూర్చుని గుండ్లు పేర్చడం మొదలుపెట్టింది. అలాగే రోజూ చేస్తుందని అక్కడ ఎవరూ అనలేదు. నీళ్ళ హోరు తగ్గాక ఏం చేస్తుందో కూడా ఎవరికీ తెలియదు.

కోటాచారి గడియ వేశాడు, తీశాడు, మళ్ళీ వేశాడు. తెరేసమ్మ చేత కూడా వేయించి, తీయించి చూశాడు. ఆమె చీల ఎత్తడం నేర్చుకుంది. అప్పుడు చీలను ఆమె చేతిలో పెట్టాడు.

"తీసేటప్పుడు చప్పుడు చేయకు" అని, సుత్తి భుజాన వేసుకున్నాడు.