తలుపు తీసినాక కూడా అడుగుతా

తలుపు తీసినాక కూడా "ఎవురు నువ్వు, ఎవరి బిడ్డవి?" అని అడుగుతానని ఇంట్లో అందరికీ నేనంటే ఎగతాళి. ఈ పొద్దు మనవరాలు కంప్యూటర్‌లో, ఫైల్లోకి ఏందో రాసే ప్రోగ్రాం ఒకటి తయారుచేస్తా ఉండాది. ఆ కంప్యూటర్‌ను నడిపే యూనిక్స్‌లో ఫైలు తెరిచినా, పెన్‌డ్రైవ్ తెరిచినా ఒక నంబరే ఇస్తాదంట. అప్పుడు కంప్యూటర్‌కి పెట్టిన పెన్‌డ్రైవ్‌లో మా ఇంటాయన ఫోటోలు ఉండాయి, ఇంకెక్కడా లేవు. నేను మనవరాలి పక్కకి జరిగి అడిగినా.

"ఆ నంబరు వెనక ఉండేది పెన్‌డ్రైవయితే?"

"దాని మీద రాస్తే అన్నీ పోతాయి అవ్వా."

"మరి రాసే ముందు ఎవరని అడగవే!"

"తెరిచినాక అడగాల్నా, నీ మాదిరి?" అని నవ్వుతానే, అది ఫైలా, పెన్‌డ్రైవ్ మాదిరి డివైసా అని అడిగే ఎఫ్‌స్టాట్ లైను కలిపింది. రన్ చేస్తే "ఇది ఫైలు కాదు, డివైసు" అని ప్రోగ్రాం ఆగిపోయింది. ఫైలు పేరనుకోని మనవరాలు పెన్‌డ్రైవ్ పేరే ఇచ్చిందంట; గబుక్కున పెన్‌డ్రైవ్ పెరికి నా చేతిలో పెట్టింది.

ఇంక నేను మానేది లేదు. ఉదయగిరి నుంచి సొంత వియ్యంకుడే వచ్చినా అడుగుతా. నవ్వేవాళ్లు నవ్వుకోండి. మీ ఇంట్లో అట్లా అడిగేది ఎవురు?