పదిహేనో చుట్టు

తడి నేల మీద సున్నం గీతలు పోస్తే ఒక రకమైన ఘాటు వాసన లేస్తుంది. జనగామలో మా బడి మైదానంలో పోటీలకు ముందు రోజు ఆ పని నేనే దగ్గరుండి చేయిస్తాను. పీఈటీ టీచర్‌ని కదా, తప్పదు. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నాకు డోర్నకల్ గుర్తొస్తుంది, దేవదానం పెద్దబాపు గుర్తొస్తాడు.

ఆయన మాకు చుట్టం కాదు. మా రైల్వే క్వార్టర్ల వరసలో చివరి ఇల్లు ఆయనది. రోజంతా గ్యాంగ్‌మన్‌గా పట్టాల వెంట నడిచేవాడు, ఆదివారం చర్చిలో సంఘ పెద్దగా ముందు వరసలో కూర్చునేవాడు. ఈ రెండింటి మధ్య దొరికిన కాస్త తీరికలో మా నలుగురు ఆడపిల్లలకు పరుగు నేర్పాడు. స్టాప్‌వాచీ లేదు, ఈల లేదు. మేం ఎన్ని చుట్లు తిరగాలో అన్ని కంకర రాళ్లు చొక్కా జేబులో వేసుకుని, చుట్టుకొకటి కింద పడేసేవాడు. మమ్మల్ని కూడా ఎవరి లెక్క వాళ్లను మనసులో పెట్టుకోమనేవాడు. "మొదలువెట్టుడు అందరికి చాతనైతది. ఆఖరి సుట్టు ఎట్ల ఉరుకుతవో గదే నీ భక్తి, బిడ్డా," అనేవాడు. ఆయన దృష్టిలో మైదానానికీ చర్చికీ పెద్ద తేడా లేదు.

ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై శ్రమ దినాల్లో ఆయన టీ మానేసేవాడు. టీ తాగని పెద్దబాపును భరించడం మాకు అంతకన్నా పెద్ద శ్రమ. ఒక శుక్రవారం నాకు భక్తి ఎక్కువై, ఎవరికీ చెప్పకుండా పస్తుండి పరుగుకు వెళ్లి, మూడో చుట్టులో కళ్లు తిరిగి పడ్డాను. ఆయన ఇంటి నుంచి రెండు ఉడికించిన గుడ్లు తెప్పించి, తినేదాకా నన్ను కదలనివ్వలేదు. నా ఉపవాసం పాడైందని ఏడ్చాను. "పస్తుండాల్నంటే నీ నోటిని పస్తువెట్టు," అన్నాడు. ఇంట్లో చెల్లెలితో నా పోట్లాటలు ఆయన దాకా వెళ్లాయన్నమాట. మిగతా రోజులన్నీ నోరు మూసుకుని గడిపాను. పరుగు అంతకన్నా చాలా సులువు.

పదో తరగతి అయ్యాక మహబూబాబాద్‌లో మూడు వేల మీటర్ల పోటీ పెట్టారు. గెలిచిన అమ్మాయికి స్పోర్ట్స్ హాస్టల్‌లో సీటు. అది రాకపోతే చదువు ఆపేయాల్సిందేనని నాన్న ముందే చెప్పాడు. చిన్న మైదానం కాబట్టి పదిహేను చుట్లు. మనుషులు చాలక ఎవరి పిల్లల చుట్లు వాళ్లనే లెక్కపెట్టుకోమన్నారు. సగం దాటేసరికి ముందున్నవాళ్లూ వెనకబడ్డవాళ్లూ కలిసిపోయారు. నేను గీత దాటగానే పెద్దబాపు జేబు తడుముకుని, రాళ్లు అయిపోయాయనుకుని, చెయ్యి పైకెత్తాడు. నేను ఆగిపోయాను. నేనే మొదటిదాన్నని ప్రకటించారు. ఆయన సంతోషంతో కళ్లు తుడుచుకోబోయి జేబులోంచి రుమాలు లాగాడు. దాని మడతలోంచి ఒక రాయి జారి అరచేతిలో పడింది.

ఆయన దాన్ని గుప్పిట్లో మూసుకున్నాడు. మెడలో పతకంతో నేను గేటు వైపు నడుస్తుంటే కొంచెం వెనకగా నడిచాడు. గేటు దగ్గర ఆగి, "ఒకటి మిగిలింది బిడ్డా," అని వెనక్కి తిరిగి అధికారుల బల్ల దగ్గరికి వెళ్లాడు. తప్పు తనదేనని, అమ్మాయిది కాదని చెప్పాడు. సీటు కొడకండ్ల అమ్మాయికి వెళ్లింది.

నేను రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాను. ఆయన ఎదురొస్తే తల తిప్పుకునేదాన్ని. చర్చిలో కూడా పలకరించలేదు. తర్వాత ప్రైవేటుగా ఇంటర్ కట్టి, కిందామీదా పడి ఈ ఉద్యోగానికి వచ్చాను. ఆయనకు జబ్బు చేసిందని తెలిసినప్పుడు మాత్రం ఉండబట్టలేక వెళ్లాను. మంచం పక్కన కూర్చుని, అన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట చెప్పాను.

"నేను పద్నాలుగే ఉరికిన పెద్దబాపూ. నాకు అప్పుడే తెలుసు."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "ఎరికే. లెక్క నేర్పింది నేనే గద. నువ్వే చెప్తవేమోనని గేటు దాక నీ ఎన్కనే నడిచిన."

నాకు ఏడుపు ఆగలేదు. ఆ రోజు ఆయన నా సీటు తీసేశాడని అన్నేళ్లు కోపం పెంచుకున్నాను. నిజానికి నా తప్పును తన తప్పులో కలిపేసుకుని, నా పరువు కాపాడి, ఒక్కడే ఆ బల్ల ముందు నిలబడ్డాడు.

ఇప్పుడు నా పిల్లల్లో ఎవరైనా తప్పు చేసి, తల దించుకుని వెళ్తుంటే వెంటనే పిలిచి నిలదీయను. ఏమీ అనకుండా గేటు దాకా వెనకాలే నడుస్తాను. మొన్న ఒక పిల్ల గేటు దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది.