పిట్టల కాపలా

మా నాయినకు పటేలు ఇచ్చిన పని పేరు పిట్టల కాపలా. ఆ ఒక్క మాట వల్ల మొదటి రోజు గొడవైంది, చివరి రోజూ గొడవైంది. మధ్యలో మా చేను ఎలుకల పాలైంది.

శామీర్‌పేట అవతల పటేలుకు పెద్ద కంచె ఉండేది. ముళ్ల కంచె అనుకునేరు. పరికి పొదలు, తంగేడు, మోకాలెత్తు గడ్డి ఉన్న మెట్ట బీడును మా వైపు కంచె అంటారు. దాన్ని ఆనుకొనే మా పల్లి చేను. తొంభైల నాటి సంగతి ఇది. నేనప్పుడు రోజూ బస్సులో సిటీకి పోయి, సుచిత్ర చౌరస్తా దగ్గర ఒక మందుల దుకాణంలో పని చేసేదాన్ని.

ఒకనాడు పటేలు నాయినను పిలిచి, "రేపటి సంది మా కంచెల పిట్టల కాపలకు రా" అన్నాడు. మా ఊళ్లో పిట్టల కాపలా అంటే ఒకటే అర్థం: జొన్న చేనులో మంచె ఎక్కి, వడిసెలతో రాళ్లు విసిరి పిట్టలను తరమడం. నాయిన పొద్దున్నే వడిసెల భుజాన వేసుకొని పోయాడు. బీడులో జొన్న ఎక్కడుందని అడగాలని కూడా తోచలేదు ఆయనకు. పటేలు చెప్పాడు, చేయాలి, అంతే. హో హో అని అరుస్తూ ఒక్క పూటలో కౌజు పిట్టలన్నిటినీ కంచె దాటించాడు. పటేలు పరుగున వచ్చి తల పట్టుకున్నాడు.

"తరుముడు గాదురా! వాటిని కాపాడాలె. నక్క, ముంగి, పాము, ఏది దగ్గరికి రావద్దు."

"ఎందుకు పటేలా?"

"సలికాలం సిటికెల్లి దోస్తులు వస్తరు, షికారుకు."

పిట్టలు తిరిగి రావడానికి వారం పట్టింది. ఆ వారమంతా నేను తలచుకొని తలచుకొని నవ్వాను. ఆ తర్వాత నవ్వు రాలేదు.

వేట నేరమని అప్పుడూ అందరికీ తెలుసు. పటేలు మాత్రం "నా భూమి, నా పిట్టలు" అనేవాడు. పిట్టలకు ఆ సంగతి ఎవరు చెప్పారో మరి. వాటి గుడ్లు తింటాయని ముంగిసలకు మందు పెట్టించాడు. నక్కలకు ఉచ్చులు వేయించాడు, జెర్రిపోతులను కర్రలతో కొట్టించాడు, గద్దల గూళ్లు పీకించాడు. ఎండాకాలంలో కంచెకు పట్టీలు పట్టీలుగా అగ్గి పెట్టించాడు. వానకు లేత గడ్డి మొలిస్తే పిట్టలు మేస్తాయట, లేచినప్పుడు తుపాకికి బాగా కనబడతాయట! ఆ మంటలో తీతువు గుడ్లు, కుందేలు కూనలు, తాబేళ్లు మాడిపోయేవి. ఇవన్నీ చేసింది నాయిన చేతులే. కాలిన వాసనతో ఇంటికొచ్చి, కంచం ముందు కాసేపు కూర్చొని తినకుండానే లేచేవాడు. ఒక్క పిట్ట కోసం కంచెలో తక్కినవన్నీ చంపడం ఏం కాపలా? నాకు ఒళ్లు మండిపోయేది. పటేలు మీద ఎంత మండేదో నాయిన మీదా అంతే మండేది.

చలికాలం ఆదివారాల్లో జీపులు వచ్చేవి. దోస్తులు తాటికమ్మల తడికల వెనక కుర్చీలు వేసుకొని కూర్చునేవారు. వేటకు నడవాల్సిన శ్రమ కూడా లేదు మహానుభావులకు. అటు చివర నుంచి కూలీలు వరుస కట్టి, డబ్బాలు కొడుతూ, పొదలు తడుతూ పిట్టలను వాళ్ల మీదికి తోలేవారు. కౌజు మామూలుగా పరుగెత్తుతుంది, ఇక తప్పదనుకుంటేనే బుర్రుమని లేస్తుంది. లేచినవి లేచినట్టే పడేవి. రెక్క విరిగి పొదల్లో దూరినవాటిని ఎవరూ వెతికేవారు కాదు. మధ్యాహ్నం బిర్యానీ తిని, గాలి ఎంత బాగుందో అని మెచ్చుకొని వెళ్లిపోయేవారు.

రెండో ఏడు కాయ ఊరే వేళకు మా గట్ల నిండా ఎలుక బొరియలు. చెట్టు పీకితే వేళ్లకు డొల్లలే. విత్తనానికి కూడా మిగలకపోతే ఇక చేను అమ్ముకోవడమేనని అమ్మ ఏడ్చింది. నేను ఊరుకోలేకపోయాను.

"నాయినా, ఎలుకలను తినేటియన్ని నువ్వే సంపితివి. ఇగ మన చేను ఎవలు కాస్తరు?"

"పటేలు మాట ఎట్ల కాదనాలె బిడ్డా?"

"గట్లనే అనుకుంట కూసో" అని చరచరా బస్సుకు పోయాను.

ఆ చలికాలం మొదటి షికారు ఆదివారం, జీపులు రాకముందే నాయిన దూలానికి వేలాడుతున్న వడిసెల తీశాడు. వెనకే పోయాను. తెల్లవారుతుండగా కంచె ఈ చివర నిలబడి హో అని అరిచాడు. ఆ గొంతు విని ఎన్నాళ్లైందో. నేనూ ఒక డబ్బా అందుకున్నాను. గుంపు తర్వాత గుంపుగా కౌజులను చెరువు పక్క అడవిలోకి తోలేశాం.

దోస్తులు వచ్చి తడికల వెనక కూర్చున్నారు. కూలీలు మూడుసార్లు తోలారు. ఒక కొంగ తప్ప ఏదీ లేవలేదు. పటేలు మొహం మాడిపోయింది.

"కంచెల ఒక్క పిట్ట లేదేందిరా? ఏం జేసినవ్?"

నాయిన వడిసెల చేతికి చుట్టుకుంటూ, "పిట్టల కాపల జేసిన పటేలా. నాకొచ్చింది గదే" అన్నాడు.

పని అక్కడికక్కడే పోయింది. వారానికల్లా కౌజులు కంచెలోకి తిరిగొచ్చాయి. ముంగిసలు రాలేదు. ఎలాగో విత్తనాలు తెచ్చి మళ్లీ పల్లి వేశాం, ఎలుకలూ మళ్లీ వచ్చాయి. ఒకరోజు గట్టు మీద వంగి బొరియలో నీళ్లు పోస్తూ నాయిన, "పటేలు మాట ముందుగాల్నే కాదనాల్సుండె బిడ్డా" అన్నాడు. రెండేళ్లుగా నా మంటంతా అందుకే కదా! ఖాళీ బిందె ఆయన చేతిలోంచి లాక్కొని నీళ్లకు పోయాను.