ఊపిరికి దీర్ఘం

మా ఇంగ్లీషు టీచరు గారు పోయారు. ఆవిడ ఆసుపత్రిలో ఉన్నా, మంగళవారం క్లాసులో ఒకావిడ కారెక్కి లైబ్రరీకి వెళ్ళి మా క్లాసు గదిలో కూర్చున్నాక వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది, ఆసుపత్రిలో నిద్రలోనే వెళ్ళిపోయారని. ఏం చేయాలో తోచక, ఎప్పటిలాగే అందరం కళ్ళు మూసుకున్నాం. "చాలు, తెరవండి" అనే మనిషి లేక చాలాసేపు అలాగే ఉండిపోయాం.

ఆవిడ గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి, ఇక్కడ అమెరికాలో డాక్టరుగా చేసి రిటైరయ్యారు. భర్తల ఉద్యోగాల వెంట బెంటన్‌విల్ వచ్చి, ఇంగ్లీషు రాక ఇంట్లోనే ఉండిపోయిన మాలాంటి వాళ్ళకి ఊరికే నేర్పేవారు. నా చదువు ఏడో తరగతితో ఆగింది. కారు నడపడం రాదు. ఆవిడే వచ్చి ఎక్కించుకునేవారు. దారిలో నన్నేమీ అడిగేవారు కాదు. ఆ కాసేపే నాకు విశ్రాంతిగా ఉండేది.

క్లాసు మొదట్లో కళ్ళు మూసుకుని ఊపిరి గమనించాలి. ఇంటి పని, పాప పని అయ్యాక వచ్చేదాన్నేమో, నాకు నిద్ర పట్టేసేది.

"ఆంటీ, ఈవిడ గురక మాత్రం ఇంగ్లీష్‌లోనే పెడుతోంది!" అందట పక్కావిడ ఒకసారి.

"లేపకండర్రా. ఊపిరి ఎంత పొడుగ్గా వస్తోందో వినండి" అన్నారట ఆంటీ.

ఇంగ్లీషులో ఏదడిగినా నేను ఊపిరి బిగబట్టి, మాటలన్నీ ఒక్క గుక్కలో అనేసేదాన్ని. ఎవరికీ అర్థమయ్యేది కాదు.

"అమ్మాయ్, కకి దీర్ఘమిస్తే?" అన్నారొక రోజు.

"కా."

"ఇంకా లాగు. ఊపిరి అయిపోయేదాకా. ఆఁ, ఇప్పుడు లోపలికి అదే వస్తుంది. వచ్చాక మాట్లాడు."

అప్పట్నుంచి అందరం కా, కీ, కూ అని దీర్ఘాలు తీసేవాళ్ళం. అద్దాల తలుపులోంచి లైబ్రరీ వాళ్ళు తొంగి చూసేవారు. "కాకులు దూరాయనుకుంటున్నారు ఆంటీ" అంటే ఆవిడ పడీ పడీ నవ్వారు. "మొగుళ్ళ దగ్గర తీసే దీర్ఘాలన్నీ ఇక్కడ తియ్యండి, వాళ్ళకీ కాస్త రెస్ట్ ఇచ్చినట్టుంటుంది" అన్నారు.

ఈ చలికాలంలో పాప స్కూల్ నుంచి మెయిల్ వచ్చింది. పాప అక్కడ ఒక్క మాటా మాట్లాడటం లేదట. వేరే క్లాసులో వేయాలేమో, వచ్చి మాట్లాడమన్నారు. మా ఆయన లీవ్ పెడతానన్నారు. "నువ్వేం చెప్తావులే" అన్నారు, కోపంగా కాదు, మామూలుగానే.

అది ఆంటీతో చెప్పాను. "రోజంతా పాపతో ఉండేది ఎవరు? నువ్వు చెప్పాలి" అన్నారు.

"మీరూ రండి ఆంటీ."

"వస్తా. కార్‌లో కూర్చుంటా. లోపలికి మాత్రం రాను."

ఆ రోజు రాకముందే ఆవిడ పోయారు.

మొన్న స్కూల్‌కి మా ఆయనతో వెళ్ళాను. పాప టీచరు ఏదో అడిగింది. మా ఆయన నోరు తెరవబోతుంటే మోచేయి పట్టుకున్నాను. పెదవులు కదపకుండా ఊపిరి మొత్తం వదిలాను. పాప టీచరు తొందరపెట్టకుండా ఆగింది. ఊపిరి దానంతటదే వచ్చింది.

"ఎట్ హోమ్ షీ టాక్స్" అన్నాను. "ఆల్ డే. షీ సింగ్స్. హియర్, షీ ఈజ్ అఫ్రైడ్. లైక్ మీ. ప్లీజ్ వెయిట్."

వేసవి సెలవుల దాకా ఈ క్లాసులోనే ఉంచి చూస్తామంది.

మాటలయ్యాక కూడా ఆ చిన్న పిల్లల కుర్చీలోనే కూర్చుండిపోయాను. పాప వచ్చి నా కోటు చేతిలో మొహం దాచుకుంది. దాని ఊపిరి నా మణికట్టు మీద వెచ్చగా తగులుతూ ఉంది.