తలుపు రంగు గుర్తులేని ఇల్లు

2005 ఫిబ్రవరిలో నన్ను పోర్ట్ బ్లెయిర్ నుంచి చౌల్దారీకి, వండూర్‌కి మధ్య ఉన్న ఒక పల్లపు బస్తీలో నష్టం నమోదు పనికి వేశారు. అప్పటికి నేను సీనియర్ సర్వేయరును. మా ఇల్లు ఊరి శివారున డాలీగంజ్‌లోనే కాబట్టి పొద్దున్నే జీపులో వెళ్ళి సాయంత్రానికి తిరిగి వచ్చేవాణ్ణి.

డిసెంబరు ఇరవై ఆరున సునామీ కెరటం వచ్చి వెళ్ళిపోయిందని బయటివాళ్ళు అనుకుంటారు. మా దక్షిణ అండమాన్‌లో అది పూర్తిగా వెళ్ళలేదు. భూకంపానికి నేలే కిందికి కుంగింది. పల్లంలో ఉన్న వరి పొలాల్లోకి, ఇళ్ళ స్థలాల్లోకి రోజుకు రెండుసార్లు సముద్రం వచ్చి పోవడం మొదలుపెట్టింది. గట్లు కరిగిపోయాయి, సరిహద్దు రాళ్ళు బురదలో దిగిపోయాయి. తడికెల ఇళ్ళు, రేకుల ఇళ్ళు మొదటిరోజే కొట్టుకుపోయాయి.

మా దగ్గరున్న నక్షాలో, అంటే గ్రామపటంలో, పొలాల సర్వే నంబర్లు ఉన్నాయి కానీ, ఇళ్ళు లేవు. ఒకే నంబరులో అన్నదమ్ములు రెండు మూడు ఇళ్ళు కట్టుకుని ఉంటారు. వాటికి కాగితం ఉండదు. వేరే ఇల్లు ఉండేదని రుజువైన ప్రతి కుటుంబానికీ వేరే షెల్టరు ఇస్తారు, లేకపోతే బంధువులతో కలిపి ఒకటే. అందుకని తహసీల్దారు గారు ఒక పద్ధతి పెట్టారు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మీ ఇల్లు ఎలా ఉండేదో వర్ణించమనాలి. గుమ్మం ఏ దిక్కు, తలుపు ఏ రంగు, ముందు ఏ చెట్టు. పొరుగువాళ్ళ చేత కూడా అదే చెప్పించాలి. రెండూ సరిపోతే జాబితాలోకి ఎక్కించాలి. ఫారం చక్కగానే ఉంది. నేనూ దానికి తలూపి వచ్చాను.

నాతో ఉన్న పట్వారీ, అంటే ఆ గ్రామం భూమి లెక్కలు చూసే ఉద్యోగి, బిశ్వాస్ అనే బెంగాలీ ఆయన. మాకు బాగా ఉపయోగపడిన సాక్షి సింహాచలం. రోడ్డు మీద కిరాణా కొట్టు నడిపేవాడు, సోంపేట వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. కళ్ళు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలి, బస్తీ మొత్తం ఒక చివర నుంచి చెప్పుకుంటూ వచ్చేవాడు. ఎవరి వాకిట్లో ఏ మందార ఉండేదో, ఎవరి కిటికీకి ఏ చీర ముక్క కట్టి ఉండేదో కూడా.

"బిల్కుల్ కళ్ళకి కట్టినట్టుంది సార్," అనేవాడు.

ఆ పక్కనే నిలబడ్డవాళ్ళు అవునవును అనేవాళ్ళు. మా పని త్వరగా సాగింది.

నాలుగోరోజు అప్పలనర్సమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. భర్త మూడేళ్ళ కిందట జబ్బుచేసి పోయాడు. మరిది కుటుంబం కెరటం తర్వాత ఓడెక్కి విశాఖపట్నం వెళ్ళిపోయింది. తనకు విడిగా ఇల్లు ఉండేదని ఆమె దావా. తలుపు రంగు అడిగాం.

"తెల్దు బాబూ."

చెట్టు?

"ఉండీది. ఏ సెట్టో... కొబ్బరే అయ్యుంటాది."

గోడలు?

"ఎలాగుండీదో సెప్పమంటే నానేటి సెప్పను? ఎల్లమంటే ఎల్లిపోతాను గానీ."

బిశ్వాస్ కలం ఆపి నా చెవిలో, "సర్‌జీ, ఝూట్ బోల్ రహీ హై," అన్నాడు. అబద్ధమాడుతోందని. సొంత ఇంటి తలుపు రంగు తెలియని మనిషి ఉంటుందా అని ఆయన అనుమానం. సింహాచలాన్ని పిలిచి అడిగాం. ఆయన కళ్ళు మూసుకున్నాడు. ఆమె మరిది ఇంట్లో వెనక గదిలో ఉండేదనీ, ఆమె చెబుతున్న చోట తన కొబ్బరి ఎండబెట్టే షెడ్డు ఉండేదనీ, దానికి తుప్పుపట్టిన రేకు ఒకటి ఒరిగి ఉండేదనీ చెప్పాడు. పొరుగువాళ్ళను అడిగితే, "సింహాచలం సెప్పినాక ఇంకేటుంటాది," అన్నారు. బిశ్వాస్ ఫారం మీద 'సందేహాస్పదం' అని రాశాడు. జాబితా పంపడానికి ఇంకా మూడు రోజుల గడువుంది.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర బిశ్వాస్‌ని అడిగాను, మీ ఇంటి తలుపు రంగు ఎలా చెబుతారని. ఆయన కళ్ళు మూసుకుని నీలం తలుపు, దాని మీద పిల్లలు గీసిన సుద్దగీతలు చూసి చెప్పాడు. నిజంగా చూస్తున్నారా అన్నాను. చూడక మరేమిటి అన్నట్టు నావైపు చూశాడు. తిరిగి వెళ్ళేటప్పుడు జీపు డ్రైవరును అడిగాను. అతనికీ కనబడుతుందట. ఇంటికి వెళ్ళి మా ఆవిడను అడిగాను. మా పెళ్ళిలో తన అక్క కట్టుకున్న చీర అంచు కూడా ఇప్పటికీ కనబడుతుందని చెప్పి, ఇదేం ప్రశ్న అంది.

నాకు ఏమీ కనబడదు. కళ్ళు మూసుకుంటే చీకటి, అంతే. 'కళ్ళముందు కదలాడింది', 'మనసులో మెదిలింది' అనేవి మాట వరసకు అంటారనుకున్నాను. మా ఆఫీసులో కొందరు సర్వేయర్లు ఫీల్డ్ నుంచి వచ్చి జ్ఞాపకం మీద స్కెచ్ గీసేవారు. వాళ్ళకు ధైర్యం ఎక్కువ అనుకునేవాణ్ణి. నేను ప్రతి గజం అక్కడికక్కడే ఫీల్డ్ బుక్కులో రాసుకునేవాణ్ణి. పేజీ మధ్యలో నిలువు గీత, కింది నుంచి పైకి దూరాలు, కుడి ఎడమలకు పక్క కొలతలు. మంచి సర్వేయరునని పేరు వచ్చింది. అది జాగ్రత్త అని పైవాళ్ళు మెచ్చుకున్నారు. వేరే దారి లేక చేశానని నాకే తెలియదు. అప్పుడు నా వయసు నలభై తొమ్మిది.

మర్నాడు అప్పలనర్సమ్మను మళ్ళీ పిలిపించి, ఇల్లు ఎలా ఉండేదన్నది వదిలేసి, ఇంటికి ఎలా వెళ్ళేదో చెప్పమన్నాను. తడుముకోకుండా చెప్పింది.

"కల్వర్టు దిగి నూట పన్నెండు అడుగులు. కుడిసేతికి తిరిగి నలభై. నుయ్యి గట్టు తగుల్తాది. అక్కడ్నించి పద్దెనిమిది అడుగులకి గడప. లోపల ఎడం పక్క రుబ్బురోలు, సిమెంటులో పాతీసింది."

"లెక్క ఎందుకు పెట్టావమ్మా?"

"నుయ్యి నీల్లు ఉప్పన. రోడ్డు మీద కొళాయి నించి మొయ్యాల కదా బాబూ. లెక్కెడితే బరువు తెల్దు."

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రెండు బిందెలు మోస్తూ వేసే అడుగు వేరు, చేతులూపుకుంటూ వేసే అడుగు వేరు. ఇళ్ళు పోయినవాళ్ళు ఉంటున్న సహాయ క్యాంపులో రెండు బిందెలు అడిగి తెచ్చి, నిండా నీళ్ళు పోయించి, ఆమెను తారురోడ్డు మీద ఇరవై అడుగులు నడవమని టేపు పట్టాను. మూడుసార్లు నడిచింది. క్యాంపు వాళ్ళంతా చేరి చూశారు. ఏ నమూనా ఫారంలోనూ ఈ పరీక్ష లేదని బిశ్వాస్ గుర్తుచేశాడు. మూడు కొలతల్లోనూ తేడా జానెడు లోపే వచ్చింది. సగటు తీసి, కల్వర్టు నక్షాలో ఉంది కాబట్టి అక్కడి నుంచి లెక్క వేసి చుక్క పెట్టాను. ఆమె మరిది ఇల్లు ఉండిన చోటికి అది దూరంగా పడింది. సింహాచలం తన షెడ్డు ఉండేదన్న చోటే సరిగ్గా పడింది.

ఆ తర్వాతి రోజు పదకొండు గంటలకు నీళ్ళు బాగా వెనక్కి పోయాయి. నేను, బిశ్వాస్, సింహాచలం, అప్పలనర్సమ్మ కొలత గొలుసు పట్టుకుని బురదలో దిగాం. ఆమెను మాత్రం గొలుసు వైపు చూడవద్దన్నాను. ఆమె చీర ఎగదోపుకుని, ఆ నీళ్ళ బిందెలే మోస్తూ, పెదవులు కదుపుకుంటూ నడిచింది. ఒకచోట ఆగి, "ఇదే గడప," అంది. నా కొలతకూ ఆమె నిలబడ్డ చోటుకూ రెండు గజాలు కూడా తేడా లేదు. ఎడమ పక్క గునపం దింపాం. మొదటిసారి బురద. రెండోసారీ బురదే. మూడోసారి ఠంగుమంది. చేతులతో తోడితే సిమెంటు గచ్చు, దాంట్లో రుబ్బురోలు బయటపడ్డాయి. రోలు నిండా ఉప్పుబురద.

సింహాచలం వంగి రోలు అంచు తడిమాడు. ఎప్పుడో షెడ్డు తీసేసి, కొట్టు రోడ్డు మీదికి మార్చుకున్నాక తాను ఈ సందులోకి దిగనేలేదని అప్పుడు గుర్తుచేసుకున్నాడు. ఆమె ఇల్లు ఆ తర్వాత లేచింది. కళ్ళు మూసుకుని మళ్ళీ తెరిచాడు.

"రోలు ఎదురుగా ఉంది సార్. కానీ కళ్ళు మూస్తే నాకిప్పటికీ షెడ్డే కనబడతంది," అన్నాడు. తర్వాత అప్పలనర్సమ్మ వైపు తిరిగి, "మాఫ్ చేసీ దీదీ, అబద్ధం ఆడలేదు," అన్నాడు.

"ఆడావని నానన్నానా," అంది ఆమె.

కల్వర్టు దగ్గర కాళ్ళు కడుక్కుంటుండగా ఆమె నన్ను ఒక మాట అడిగింది.

"సచ్చిపోయినోల్ల మొగం అందరికీ కళ్ళల్లో కనబడతాదంట కదా బాబూ. మా ఆడబిడ్డ రోజూ సెప్పీది, అన్న కనబడినాడని. నాకు ఒక్కపాలీ కనబడలేదు. ఫోటో ఒకటుండీది, అదీ నీల్లల్లో పోయింది. మొగుడి మొగం మర్సిపోయినాననీసి ఎవులికీ సెప్పలేదు."

"నాకు మా అమ్మ మొహం కనబడదమ్మా," అన్నాను. "ఇప్పుడు ఇక్కడ నిలబడి మా ఆవిడ మొహం చూడమన్నా కనబడదు."

"రోడ్డు మీద ఎదురైతే?"

"వందమందిలో ఉన్నా గుర్తుపడతాను."

"నానూ అంతే. అయితే ఇది మర్సిపోడం కాదా?"

కాదన్నాను. అప్పుడు ఆమె భర్త గురించి చెప్పింది. ఎడమకాలి చెప్పు ఈడ్చేవాడట. గడప దగ్గర రెండుసార్లు దగ్గి లోపలికి వచ్చేవాడట. ఆమెను పిలిచేటప్పుడు పేరులో చివరి అక్షరం సాగదీసేవాడట. ఎలా సాగదీసేవాడో ఒకసారి అని చూపించింది. ఫారంలో వీటికి గడి లేదు. నిలబడి విన్నాను.

నివేదికలో తలుపు రంగు గడి ఖాళీగా వదిలి, కొలతలు, రోలు వివరం జతచేశాను. తహసీల్దారు గారు ఆ ఖాళీ ఏమిటని అడిగారు. దావాదారుకు బొమ్మ గుర్తుండదు, దారి గుర్తుంటుంది అని చెప్పాను. ఆయన నన్ను ఒకసారి చూసి సంతకం పెట్టారు. ఆమె పేరు విడి కుటుంబంగా జాబితాకెక్కింది. రేకుల షెల్టరు వచ్చింది, తర్వాత పక్కా ఇల్లు కూడా. అంతకుముందు మేము 'సందేహాస్పదం' అని రాసిన ఫారాలు తొమ్మిది ఉన్నాయి. వాళ్ళందరినీ మళ్ళీ పిలిచి దారి అడిగాం. నలుగురి ఇళ్ళు దొరికాయి. సింహాచలం సాక్ష్యంతో నిలిచిన ఫారాలు కూడా మళ్ళీ సరిచూశాం. చాలావరకు సరిగ్గానే ఉన్నాయి, రెండు మార్చాం.

సాక్షి ఎంత వివరంగా చెబితే అంత నిజమని ఆ తర్వాత నేను రాయలేదు. తడబడ్డవాళ్ళు అబద్ధాలకోరులనీ రాయలేదు. ఏ మనిషికి విషయం ఏ రూపంలో గుర్తుంటుందో ముందు అడిగి, ఆ రూపంలోనే ప్రశ్న వేయాలి. అడగడానికి రెండు నిమిషాలు పడుతుంది. నేను ఆ రెండు నిమిషాలు కేటాయించడం మొదలుపెట్టేసరికి నా సర్వీసు ఇరవై మూడేళ్ళు పూర్తయింది.